నడిమి కాయితం రాసిన వకీల్ సాబ్

వకీల్ సాబ్ పోయారు. ఈ వైశాఖంలో ఒక మంగళవారం పొద్దున, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ కూర్చున్న మనిషి అలాగే గోడకు ఒరిగిపోయారట. నిజామాబాదు నుంచి బోధన్ వచ్చే మొదటి బస్సు కండక్టరు మా మిల్లు గేటు దగ్గర బస్సు ఆపించి, దిగి వచ్చి మరీ చెప్పాడు.

"అన్నా, మీ వకీల్ సాబ్ పోయిండు. వకీలమ్మ నిన్ను తొందరగ రమ్మన్నది."

మీ వకీల్ సాబ్ అన్నాడు. మా దిక్కు అందరూ అలాగే అంటారు. తెలియనివాళ్లు మేమిద్దరం చుట్టాలమనుకుంటారు. తెలిసిన పాతవాళ్లు మాత్రం ఆ మాట అనేటప్పుడు నా ముఖంలోకి చూడరు. ఆయన కుడిచేతికి చూపుడు వేలు, నడిమి వేలు ఉండేవి కావు. పదిహేనేళ్ల కిందట చెరుకు కత్తితో వాటిని నరికింది నేను.

ఆయన గురించి రాయమని ఆయన స్నేహితులు అడిగినప్పుడు ఇంకెవరినైనా అడగండి అన్నాను. ఆయన చదువు గురించి, వాదించిన కేసుల గురించి నాకంటే బాగా రాయగలవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఈ ఒక్క సంగతి మొదటి నుంచి చివరిదాకా చూసినవాళ్లలో మాట్లాడగలవాణ్ని నేనే మిగిలానని తోచింది. అందుకని రాస్తున్నాను.

మాది వర్ని దగ్గర కాలువ కింది పల్లె. మాకున్నది కొద్దిపాటి మడి. పంట కోతలయ్యాక నేను చెరుకు నరకడానికి పోయేవాణ్ని. నా తమ్ముడు బోధన్ తోవలో ఉన్న ఒక చిన్న చక్కెర మిల్లులో పనికి కుదిరాడు. ఇరవై రెండేళ్లవాడు. వాడు నవ్వితే ముందు నోరు, తర్వాత భుజాలు, తర్వాత ఒళ్లంతా నవ్వేది.

ఆ మిల్లు సేటు ఐరోపాలోని ఒక దేశం నుంచి మూడు యంత్రాలు తెప్పించాడు. పనివాళ్లు వాటిని గంపలు అనేవారు. నిజంగానే అవి ఒళ్లంతా చిల్లులున్న ఉక్కు గంపలు. ఉడికిన చెరుకు పాకం అందులో పోసి కరెంటుతో గిరగిరా తిప్పితే, మడ్డి చిల్లుల్లోంచి బయటికి పోయి చక్కెర లోపల మిగులుతుంది. వాటిని బిగించడానికి ఆ దేశం నుంచే ఒక మిస్త్రీ వచ్చాడు. ఎర్రగా, సన్నగా ఉండేవాడు. అందరూ దొర మిస్త్రీ అనేవారు. నా తమ్ముడు అతనికి తెలుగు మాటలు నేర్పాడు. మొదట నేర్పింది "అన్న". దొర మిస్త్రీ నా తమ్ముణ్నే "అన్నా" అని పిలిచేవాడు. అది వినడానికే పనివాళ్లు అతని చుట్టూ చేరేవారు.

పుష్యమాసంలో ఒకరోజు మధ్యాహ్నం ఆ గంపల్లో ఒకటి తిరుగుతూ తిరుగుతూ పగిలింది.

నేను అప్పుడు మిల్లు పక్క చేనులోనే చెరుకు నరుకుతున్నాను. పిడుగు పడ్డట్టు చప్పుడైంది. తల ఎత్తేసరికి మిల్లు ఇటుక గోడలో ఎద్దు పట్టేంత రంధ్రం కనిపించింది. గంపలో సగం ముక్క గోడను చీల్చుకొని బయటికి వచ్చి, బండి దగ్గర మేస్తున్న కోడెను రెండు ముక్కలు చేసి, మట్టిలో దిగబడి పొగలు కక్కుతోంది. మిగతా సగం లోపలే ఉండిపోయింది. లోపల నా తమ్ముడు ఉన్నాడు. ఇంకా ఇద్దరు ఉన్నారు. గోడల మీద, కప్పు రేకుల మీద, పాకం తొట్టిలో, అన్నిచోట్లా రక్తమే. తమ్ముణ్ని నేను మొలతాడు చూసి గుర్తుపట్టాను. అంతకంటే రాయలేను.

గంటలో నాలుగు ఊళ్ల జనం గేటు మీద పడ్డారు. సేటు పట్నంలో ఉన్నాడు. చేతికి దొరికేది దొర మిస్త్రీ ఒక్కడే. అతను ఆఫీసు గదిలో ఉన్నాడని ఎవరో అన్నారు. "తీసి అదే మిషన్ల ఏసి తిప్పుండ్రి వాన్ని" అని ఒక గొంతు లేచింది. ఆ గొంతు నాదే. నా తమ్ముణ్ని వాడు అన్నా అని పిలిచేవాడని నాకు తెలుసు. తెలిసీ అన్నాను.

ఇనుప గేటుకు లోపల అడ్డగడియ ఉండేది. దాని మీద చెయ్యి పెట్టి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నల్లకోటు, పొట్టి ఆకారం, చెమటతో తడిసిన ముఖం. సేటుకు కాయితాలు చూసే వకీలు అని నాకు అప్పటికి తెలియదు. ఏదో పనిమీద ఆ పొద్దునే నిజామాబాదు నుంచి వచ్చారట.

"తియ్యి" అన్నాను.

"తియ్య" అన్నారు.

"చెయ్యి నరుకుత."

"నరుకు. గడియ మాత్రం తియ్య."

గేటు సందులోంచి కత్తి వేశాను. రెండు వేళ్లు గడియ మీంచి నా కాళ్ల దగ్గర పడ్డాయి. ఆయన కేకపెట్టారు. కుడిచెయ్యి తీసి చంకలో పెట్టుకొని, ఎడమచెయ్యి అదే గడియ మీద పెట్టారు. నేను మళ్లీ కత్తి ఎత్తాను గానీ దించలేకపోయాను. మా వెనక నుంచి రాళ్లు వస్తూనే ఉన్నాయి. ఒకటి ఆయన దవడకు తగిలింది, ఇంకొకటి నా వీపున తగిలింది. పోలీసుల లారీ వచ్చేదాకా ఆ గడియ తెరుచుకోలేదు.

ఠాణాలో ఆయనను తీసుకొచ్చి మా వరుస ముందు నిలబెట్టారు. చేతికి కట్టు, కట్టులోంచి కారుతున్న రక్తం. మావాళ్లంతా ఆయన దయతలుస్తారేమోనని చూస్తున్నారు. ఆయన నేరుగా నా ముందు ఆగి, "ఈయనే నరికిండు" అని ఇన్‌స్పెక్టరుతో అన్నారు. గొంతులో కోపం లేదు, జాలి లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు. నాకు శిక్ష పడింది. నిజామాబాదు ఖిల్లా జైలుకు తోలారు.

జైల్లో మూడో నెలలో నన్ను చూడడానికి ఎవరో వచ్చారన్నారు. మా అవ్వ, నన్ను కన్నతల్లి, వచ్చిందనుకొని పోయాను. కటకటాలకు అవతల వకీల్ సాబ్ ఉన్నారు. ఎడమచేతిలో కాయితాల సంచీ.

"మీ తమ్ముని దావా కాయితం తెచ్చిన" అన్నారు. "పెద్దోడు దస్కత్ పెడితేనే నేను ఏలు ఒత్తుత అన్నది మీ అవ్వ. అందుకే నీ దగ్గరికి వచ్చిన."

"సాబ్, నేను మీ చెయ్యి నరికిన" అన్నాను.

"నరికినవ్. అందుకే లోపట ఉన్నవ్" అన్నారు. "నన్ను నరికినందుకు శిక్ష ఒక కాయితం. మీ తమ్ముడు సచ్చినందుకు న్యాయం ఇంకో కాయితం. రెండిటిని కలిపి కుట్టొద్దు తమ్మీ."

ఆయన నన్ను తమ్మీ అని పిలవడం అదే మొదలు.

ఆరోజు నిలబడే నాకు అంతా విప్పి చెప్పారు. యంత్రాలు కొన్న ఒప్పందంలో పదకొండో షరతు ఒకటుంది. ఏ తగాదా వచ్చినా ఆ దేశం కచ్చేరీలో, ఆ దేశం కాయిదా, అంటే చట్టం ప్రకారమే తేల్చాలి. ఆ దేశం కాయిదాలో, సరుకులో దాగి ఉన్న లోపానికి దావా వేయాలంటే సరుకు అందిన నాటి నుంచి ఆరు నెలలే గడువు. మన దగ్గర అట్లా కాదు, ఏళ్ల వ్యవధి ఉంటుంది. గంపలు ఉగాదికి ముందే బొంబాయి రేవు నుంచి వచ్చాయి. చెరుకు పక్వానికి రాలేదని పెట్టెల్లోనే ఎండాకాలం, వానాకాలం గడిచాయి. మొదటిసారి తిప్పేనాటికే ఆరు నెలలు దాటిపోయాయి.

"అంటే?" అన్నాను.

"అంటే మీ తమ్ముడు సావకముందే ఆయన దావా సచ్చిపోయింది."

కటకటాలు పట్టుకొని తల బాదుకున్నాను. జవాను వచ్చి లాఠీతో నా వేళ్ల మీద కొట్టాడు. వకీల్ సాబ్ "కొట్టకు" అని అరిచారు. జవాను పోయాక నెమ్మదిగా, "ఇంకొక మాట ఉన్నది, అది గూడ విను" అన్నారు. "ఆ పదకొండో షరతు సేటు సంతకం చేసేముందు చదివింది నేనే. మన కాయిదా తలకాయల పెట్టుకొని చదివిన. గడువు ఉంటది, మనకున్నట్టే ఉంటది అనుకున్న. వాళ్ల కాయిదా ఏందని అడగలే. అడిగితే ఆరు నెలలని తెలుస్తుండె. పెట్టెలు విప్పి చూడుండ్రి అని చెప్తుంటి. దావా సచ్చినా వాళ్లను అడుగుడు ఇడువను."

ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. దస్కతు పెట్టాను.

ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. పట్నంలో నిజాం కాలపు కాయిదా చదివారు. తర్వాత హైదరాబాదు రాష్ట్రం, దాని కాయిదా. యాభై ఆరులో మేము ఆంధ్రప్రదేశ్‌లో కలిశాం, మంజీర నది అవతలి ఊళ్లు బొంబాయి రాష్ట్రంలోకి పోయాయి. నిన్నటిదాకా ఒకే కచ్చేరీ మెట్లెక్కిన అన్నదమ్ములకు రెండు సర్కార్లు వచ్చాయి. "నేను కుర్సీ మార్చలే తమ్మీ. కూసున్నకాడనే మూడు సర్కార్ల కాయిదా చదివిన" అనేవారు. ఏ సర్కారు వచ్చినా బెల్లం బండి ఏటిలో బోల్తాపడితే నష్టం ఎవరిదన్న తగాదా మాత్రం మారలేదని, ఈవలి ఒడ్డు జవాబు ఒకటి, ఆవలి ఒడ్డు జవాబు ఇంకొకటి అని చెప్పేవారు.

శిక్ష పూర్తయి బయటికి వచ్చిన రోజు అవ్వ జైలు ముందు నిలబడి ఉంది. ఇంటికి పోదామనలేదు. "మొదాలు వకీలింటికి నడువ్" అంది.

వకీలమ్మ తలుపు తీసింది. నన్ను చూసి ఎవరో పోల్చుకుంది. ఆమె ముఖం గట్టిపడింది. లోపలికి పోయి, తిరిగి వచ్చి, ఒక చెంబుడు నీళ్లు గడప బయట పెట్టింది. చేతికి ఇవ్వలేదు. ఆ నీళ్లు చేతికి అందడానికి ఇంకా రెండేళ్లు పట్టింది. అందుకు ఆమె మీద నాకు గౌరవమే.

వకీల్ సాబ్ మేజా మీద కాయితాల కుప్పలు ఉన్నాయి. ఎడమచేత్తో రాస్తున్నారు. అక్షరాలు చీమలు చెదిరినట్టు పోతున్నాయి. నేను చూడడం చూసి నవ్వారు. "ఉర్దూ కుడి దిక్కు నుంచి ఎడమకు రాస్తుంటి. ఇప్పుడు తెలుగు ఎడమచేత్తోని. నా రాత ఎప్పుడు సీదా లేదు" అన్నారు.

ఆ తర్వాత గంపలు అమ్మిన కంపెనీ సంగతి చెప్పారు. ఆ దేశానికి ఆయన రాసిన ఉత్తరాలకు ఒకే జవాబు వచ్చేది: గడువు దాటింది. గంపలో లోపం ఉందని ఒప్పుకుంటే తమ కాయిదాలో చిక్కుకుంటామని కంపెనీ భయం. ఆయన సేటు వకాలతు ఎప్పుడో వదిలేశారు. ఇప్పుడు కావలసింది మా మిల్లులో మిగిలిన రెండు గంపలు ఆపించడం. అవి తిరుగుతూనే ఉన్నాయి. మంజీర అవతల ఇంకో మిల్లులో అదే కంపెనీ గంపలు మరో రెండు తిరుగుతున్నాయి.

మా గంపలు ఆపమని ఆయన కలెక్టరు దగ్గర హుకుం తెచ్చారు. అప్పుడు చెరుకు నిండా పక్వానికి వచ్చి ఉంది. మిల్లు ఆగితే చేలల్లో ఎండిపోతుంది. మూడోనాడు రైతులు బండ్లు కట్టుకొని నిజామాబాదు వచ్చి ఆయన ఇంటి మీద రాళ్లేశారు. అందులో మా ఊరివాళ్లు ఉన్నారు. మా మేనమామ ఉన్నాడు. ఈసారి నేను తలుపుకు ఇవతల ఉన్నాను. కిటికీ పలకలు పగిలి గది నిండా రాళ్లు. ఒకటి వకీలమ్మ నుదుటికి తగిలింది. రక్తం కంట్లోకి కారుతుంటే కొంగుతో అదిమిపట్టి, నేను ఆపేలోపే ఆమె తలుపు తీసింది.

"చెరుకు ఎండిందని రాళ్లేస్తుండ్రు. మోడు ఉంటే చెరుకు మళ్ల మొలుస్తది. ఆ ముగ్గురు పోరలు మొలుస్తరా?" అంది.

మా మేనమామ చేతిలో రాయి కింద పడేశాడు. అందరూ వెళ్లిపోలేదు గానీ ఆ తర్వాత రాయి పడలేదు.

మా గంపలు ఆగాయి. అవతలి ఒడ్డు మాత్రం మన కలెక్టరుది కాదు. ఆ రాష్ట్రం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు వకీల్ సాబ్ ఉత్తరం రాస్తే, మీ జిల్లా ద్వారా పంపమని వచ్చింది. జిల్లా ద్వారా పంపితే, మీ రాష్ట్రం ద్వారా పంపమని వచ్చింది. ఆ కాయితం తిరుగుతుండగానే అక్కడి గంప పగిలింది.

కబురు విని ఇద్దరం ఏరు దాటి పోయాం. నేను మళ్లీ అదే గోడను చూశాను. అదే రంధ్రం, అదే వాసన, కాలిన పాకంలో కలిసిన రక్తపు వాసన. నలుగురు పోయారు. వాకిట్లో ఒక ఆడమనిషి భర్త రుమాలు పిడికిట పట్టుకొని కూర్చుంది. ఈ వకీలు ముందే ఉత్తరం రాశాడట అని ఎవరో ఆమెతో అన్నారు. ఆమె లేచి వచ్చి ఆయన చెంప మీద కొట్టింది. "తుమ్హాలా మాహీత్ హోతం!" అని మరాఠీలో అరుస్తూ మళ్లీ కొట్టింది. మీకు తెలుసు, తెలుసు అని. ఆయన రొమ్ము మీద రెండు చేతులతో గుద్దింది. నేను అడ్డం పోబోతే ఆయన నన్ను మోచేత్తో వెనక్కు తోశారు. ఆమె చేతులు అలిసిపోయేదాకా అట్లాగే నిలబడ్డారు.

తిరిగి వచ్చేటప్పుడు ఏటి ఒడ్డున ఇసుకలో కూర్చుండిపోయారు. "దెబ్బ ఏ సర్కారు హద్దుల తగిలినా నొప్పి ఒక్కటే గదా తమ్మీ. కాయిదాలు ఎందుకు ఇన్ని తీర్ల ఉన్నయి?" అన్నారు.

ఆ వారం ఆయన దొర మిస్త్రీకి ఉత్తరం రాశారు. అతను మొదటి ప్రమాదం తర్వాత దేశం వెళ్లిపోయాడు. తనను కాపాడిన మనిషి ఎడమచేత్తో రాసిన ఉత్తరం అది. నెలన్నరకు జవాబు వచ్చింది. ఉక్కు కరిగించి అదే పోతలో పోసిన ఇంకో గంప తమ కార్ఖానాలోనే చీలిందని, పైవాళ్లకు ఆ సంగతి తెలుసునని అతను ప్రమాణం చేసి రాశాడు. కింద తెలుగులో, వంకర అక్షరాలతో "అన్న" అని ఉంది. ఆ ఉత్తరంతో అతని ఉద్యోగం పోయిందని తర్వాత తెలిసింది.

లోపం తెలిసీ దాచిన అమ్మకందారుకు ఆ దేశం కాయిదాలో కూడా ఆరు నెలల రక్ష ఉండదట. కంపెనీ దిగివచ్చింది. అయినా ఏ కచ్చేరీ? ఏ కాయిదా? దాని మీదే ఏళ్లు పట్టేలా ఉంది. అప్పుడు వకీల్ సాబ్ ఒక దారి చూపారు. కచ్చేరీలు పక్కన పెట్టి ముగ్గురు కూర్చుందాం: మీవైపు ఒకరు, మావైపు ఒకరు, రెండు దేశాలకూ చెందని ఇంజనీరు ఒకరు. కూర్చునేది నిజామాబాదులో. కంపెనీ ఒప్పుకుంది.

ముసాఫిరు బంగళాలో నాలుగు రోజులు కూర్చున్నారు. వాళ్ల వకీలు నెరిసిన జుట్టు పెద్దమనిషి. అతన్ని చూడగానే గొంతు పట్టుకోవాలనిపించింది. అతను చెప్పింది దుబాసీ తెలుగు చేస్తుంటే విన్నాను. ఆరు నెలల గడువు మనుషుల్ని చంపడానికి పెట్టింది కాదు, యంత్రాన్ని మొరటుగా వాడి చెడగొట్టి అమ్మినవాడి మీద పడేవాళ్లు ఉంటారు, వాళ్ల నుంచి రక్షణకు పెట్టింది అన్నాడు. వకీల్ సాబ్ తల ఊపారు. "మా కాయిదాల గూడ తప్పున్నది. లోపం తగిన వ్యవధిల చెప్పాలె అంటది. ఎంత తగినదని అడిగితే జడ్జి పింఛనుకు పోయేదాంక చెప్పడు" అన్నారు. ఆ పెద్దమనిషి నవ్వాడు. నాకు ఇద్దరి మీదా మంటపుట్టింది. బయటికి వచ్చి గోడను గుద్దాను.

మూడోనాడు మా మిల్లులో ఆపిన గంపను ఎడ్లబండి మీద బంగళా ఆవరణలోకి తెచ్చారు. లోపం పోతలో ఉందో వాడకంలో ఉందో తేలాలంటే దాన్ని పగలగొట్టి చూడాలని ఇంజనీరు అన్నాడు. సమ్మెట ఎవరికిద్దామంటే వకీల్ సాబ్ నా వైపు చూశారు. "నువ్వు కొట్టు" అన్నారు. ఏటి అవతలి నుంచి ఆ ఆడమనిషి వచ్చి అరుగు పక్కన నిలబడి ఉంది.

కొట్టాను. ఎన్ని దెబ్బలో లెక్కపెట్టలేదు. నా తమ్ముని పేరు అరుస్తూ కొట్టానని తర్వాత చెప్పారు. చేతుల చర్మం లేచి పిడి రక్తమయింది. ఎవరూ ఆపలేదు. చివరికి అంచు కింద పట్టీ విరిగింది. విరిగిన చోట ఉక్కు వెండిలా మెరిసింది. ఆ మెరుపు మధ్యలో అరచెయ్యంత మేర నల్లగా, బొరియలు బొరియలుగా ఉంది. అది ఆరోజు విరిగింది కాదు. పోసిననాటి నుంచి లోపల అట్లాగే ఉంది. నెరిసిన పెద్దమనిషి వంగి ఆ నలుపు మీద వేలు పెట్టాడు. వేలు చూసుకున్నాడు. లేచి పోయి మెట్ల మీద కూర్చున్నాడు.

నాలుగోనాడు ఇద్దరు వకీళ్లూ కలిసి కొత్త ఒప్పందం రాశారు. మేము దాన్ని నడిమి కాయితం అన్నాం. గడువు సరుకు అందిన నాటి నుంచి కాదు, యంత్రం మొదటిసారి తిరిగిన నాటి నుంచి. అది కూడా ఇంతకాలమని అంకె వేసి, ఎవరూ సాగదీయకుండా. ఒకచోట లోపం బయటపడితే ఆ సరుకు కొన్న అందరికీ, ఏ దేశంలో ఉన్నా, తంతి కొట్టి చెప్పాలి. తగాదా వస్తే ఆ ముగ్గురి పద్ధతిలోనే తేల్చాలి. ప్రతి మాటా వకీల్ సాబ్ నాకు చదివి వినిపించారు. నేను "సమజ్ గాలే" అంటే కొట్టేసి మళ్లీ రాసేవారు. "నీకు సమజ్ గాకుంటే అది కాయిదా గాదు, నా షోకు" అనేవారు. ఒక్క వాక్యం తొమ్మిదిసార్లు మార్చారు. తొమ్మిదోసారి అవ్వకు చదివి వినిపిస్తే ఆమెకూ అర్థమైంది.

గంపలన్నీ మార్చారు. పోయినవాళ్ల ఇళ్లకు రావలసింది వచ్చింది. ప్రపంచంలో కాయిదాలన్నీ ఒకటైపోలేదు. మంజీరకు అటూ ఇటూ ఉన్న కొన్ని మిల్లుల్లో యంత్రం కొనేటప్పుడు ఆ కాయితమే వాడారు, ఇప్పటికీ వాడుతున్నారు. అది చాలని వకీల్ సాబ్ ఎప్పుడూ అనలేదు. ఎక్కడెక్కడి దేశాలకో ఆ నమూనా పంపేవారు. జవాబు వస్తే పిల్లవాడిలా సంబరపడేవారు, రాకపోతే ఇంకో నకలు తీసేవారు.

నేను గంపల పని నేర్చుకొని మిస్త్రీనయ్యాను. నెలకోసారి ఆయన దగ్గరికి పోయేవాణ్ని. ఆయన చాయ్ సాసర్‌లో పోసుకొని ఎడమచేత్తో తాగేవారు. ఏది కొన్నా "పగిలితే ఎవరిది?" అని అడిగే అలవాటు పడింది. కుమ్మరామె దగ్గర కూజా కొంటూ కూడా అడిగారు. ఆమె "నీ ఇంటికి పోయేదాంక నాది, ఇంట్ల నీ పెండ్లాంది" అంది. గొప్ప షరతు అని రోజంతా నవ్వారు.

ఒకసారి, ఒకే ఒకసారి, ఆయన చెయ్యి గురించి అడిగాను. నొప్పి ఉందా అని. "సలికాలంల లేని వేళ్లు గుంజుతయి" అన్నారు. చాయ్ సాసర్ కింద పెట్టి, "నువ్వు క్షమించుమని అడుగుతవేమో. అడగకు. నేను గూడ నిన్ను అడగాలె అప్పుడు" అన్నారు. ఇద్దరం అడగలేదు. అట్లాగే పదేళ్లు కలిసి పనిచేశాం.

మంగళవారం నేను పోయేసరికి ఆయనను చాప మీద పడుకోబెట్టారు. గడ్డం ఒక చెంపకే గీసి ఉంది. వకీలమ్మ నా చేతికి గడ్డం గీసే కత్తి, సబ్బు ఇచ్చి, "రెండో దిక్కు నువ్వు చెయ్యి" అంది. నా చేతిలో పదును చూసి ఎవరో అడ్డం రాబోయారు. ఆమె వద్దంది. చేశాను. ఒక్క గాటూ పడలేదు.

చితాభస్మాన్ని మంజీర గోదావరిలో కలిసే కందకుర్తి దగ్గర కలిపాం. ఎండాకాలం కావడంతో నది మోకాళ్ల లోతే ఉంది. మేము ఏటిలో దిగి భస్మం, పూలు వదులుతుంటే ఏటి అవతలి ఆడమనిషి వచ్చింది. జుట్టు నెరిసింది. పొద్దున్నే బయలుదేరి నడిచి వచ్చిందట. వకీలమ్మ పక్కన కొంతసేపు నిలబడింది. తర్వాత నా వైపు తిరిగి, "యేతే దాదా" అంది, అన్నా పోయివస్తానని. చెప్పులు చేతబట్టుకొని కొంచెం దిగువన నీళ్లలోకి దిగింది. నడి ఏటిలో ఆగి వంగి ముఖం కడుక్కుంది. మేము వదిలిన పూలు అప్పుడే అక్కడికి చేరాయి. ఆమె మోకాళ్ల దగ్గర రెండు పాయలుగా చీలి, అటు కొన్ని ఇటు కొన్ని జరిగి, ఆమెను దాటాక మళ్లీ ఒక్కటై కిందికి పోయాయి.